దాణాలో వేడి – కంప్యూటరు చూడని లెక్క

కోళ్ళ దాణా వ్యాపారంలో ఒక్క అంకెదే పెత్తనం. దాని పేరు క్రూడ్ ప్రోటీన్. సోయా 46 శాతమా, 48 శాతమా? చేప పొడి 50 శాతమా, 60 శాతమా? బేరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. లారీ దించే ముందు శాంపిల్ తీసేది దానికోసమే, బిల్లులో కోత పడేదీ చాలావరకు దానివల్లనే. అయితే ఈ అంకెకి ఒక చిత్రమైన గుణం ఉంది. సరుకుని సగం ఉడికించినా, సరిగ్గా ఉడికించినా, మాడ్చేసినా అది ఇంచుమించు కదలదు. కోడి కడుపుకి మాత్రం ఆ మూడూ మూడు వేర్వేరు తిండ్లు.

టెక్నాలజీ శీర్షికలో కోళ్ళ గొడవేమిటి అనుకునేవారికి రెండు కారణాలు చెప్తాను. ఒకటి, తణుకు, అనపర్తి వైపు నుంచో, హైదరాబాదు చుట్టుపక్కల ఊళ్ళ నుంచో వచ్చిన మనలో చాలామందికి కోళ్ళ ఫారం నడిపే మామయ్యో, బాబాయో, కనీసం క్లాస్‌మేటో ఉండే ఉంటాడు. రెండోది, ఇది అచ్చంగా మన వృత్తికి సంబంధించిన జబ్బు. దాణాలో ఏ సరుకు ఎంత కలపాలో ఇవాళ చాలాచోట్ల నిర్ణయించేది సాఫ్ట్‌వేరు. అది చేసే లెక్క తప్పదు. లెక్కలోకి వెళ్ళే అంకెలే తప్పు. నా వాదన ఇంతే: సరుకు ఎంత వేడి చూసిందో చెప్పే పరీక్ష ఫలితానికి చోటులేని దాణా సాఫ్ట్‌వేరు, ఎంత ఖరీదైనదైనా, రైతు డబ్బుని కళ్ళు మూసుకుని ఖర్చు పెడుతోంది.

వేడి ఎందుకు కావాలి?

పచ్చి సోయా గింజలో ప్రోటీన్ దండిగా ఉంటుంది. కాని కోడికి అది అందదు. 1917లో అమెరికాలో ఆస్‌బర్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకి సోయా పెట్టి చూశారు. పచ్చి సోయా మీద సరిగా ఎదగని ఎలుకలు ఉడికించిన సోయా మీద చక్కగా ఎదిగాయి. ఎందుకో తర్వాత తేలింది. ప్రోటీన్‌ని అరిగించడానికి క్లోమం నుంచి ట్రిప్సిన్ అనే ఎంజైము వస్తుంది. సోయా గింజలో ఆ ట్రిప్సిన్‌ని పట్టి బంధించే పదార్థం ఒకటి ఉంది. 1940లలో కునిట్జ్ దాన్ని స్ఫటికాల రూపంలో వేరుచేసి చూపించాడు. పచ్చి సోయా తిన్న కోడిపిల్లలో ఎంజైము చాలక క్లోమం ఇంకా ఇంకా తయారుచేస్తుంది, ఆ శ్రమకి అది ఉబ్బిపోతుంది. తిన్నది ఒంటబట్టదు సరికదా, ఉన్నది కూడా ఖర్చవుతుంది.

మంచి సంగతి ఏమిటంటే ఈ పదార్థం వేడికి చెడిపోతుంది. నూనె మిల్లులో హెక్సేన్‌తో నూనె లాగేశాక మిగిలిన పిండిని ఆవిరితో వేడిచేస్తారు. దానితో రెండు పనులు జరుగుతాయి. మిగిలిపోయిన హెక్సేన్ ఎగిరిపోతుంది, ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థం చాలావరకు నశిస్తుంది. అలా వచ్చినదే మన రైతులు డీఓసీ అని పిలిచే సోయా పిండి. మన ఇళ్ళలో రాజ్మాని పచ్చిగా తినకుండా బాగా ఉడకబెట్టడం వెనక ఉన్నదీ ఇలాంటి సంగతే.

అంటే వేడి ఇక్కడ మందులాంటిది. మందుకి మోతాదు ఉంటుంది.

వేడి ఎక్కువైతే?

దోసె అంచు ఎర్రబడటం, రొట్టె మీద గోధుమరంగు పొర, వేయించిన కోడి ముక్క వాసన – ఇవన్నీ ఒకే రసాయన చర్య. 1912లో ఫ్రాన్స్‌కి చెందిన లూయీ కమీల్ మయ్యార్ దీన్ని వర్ణించాడు, ఆయన పేరే దానికి స్థిరపడింది. చక్కెర జాతి పదార్థాలు, అమైనో ఆమ్లాలు వేడిలో కలిసి కొత్త పదార్థాలు అవుతాయి. మన నోటికి అది రుచి. కోడికి నష్టం. ఎందుకంటే ఈ చర్యలో ముందుగా బలి అయ్యేది లైసిన్. లైసిన్ అణువు పక్కన ఒక అమైనో కొమ్మ ఖాళీగా బయటకి పొడుచుకుని ఉంటుంది. చక్కెర వచ్చి అంటుకునేది సరిగ్గా అక్కడే. అంటుకున్న లైసిన్‌ని కోడి వాడుకోలేదు.

మొక్కజొన్నలో లైసిన్ తక్కువ. ఆ లోటు పూడ్చడానికే సోయా కలుపుతాం. అంటే ఏ పనికోసం సోయా కొన్నామో, మోతాదు మించిన వేడి సరిగ్గా ఆ పనినే చెడగొడుతుంది. సిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లం కూడా ఎక్కువ వేడికి దెబ్బతింటుంది.

మరి ల్యాబ్ దీన్ని ఎందుకు పట్టుకోదు? క్రూడ్ ప్రోటీన్ పరీక్ష నిజానికి ప్రోటీన్‌ని కొలవదు. 1883లో డెన్మార్క్‌కి చెందిన యోహాన్ కెల్డాల్ కనిపెట్టిన పద్ధతి అది. సరుకులో ఉన్న నైట్రోజన్‌ని కొలిచి 6.25తో గుణిస్తుంది, అంతే. లైసిన్ మాడినా అందులోని నైట్రోజన్ ఎక్కడికీ పోదు కాబట్టి అంకె అలాగే ఉంటుంది. నైట్రోజన్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా దానికి పట్టదు. 2008లో చైనా పాలపొడిలో మెలమైన్ కలిపినవాళ్ళు వాడుకున్నది ఈ గుడ్డితనాన్నే. అదే ఏడాది హాంకాంగ్‌లో కోడిగుడ్లలో కూడా మెలమైన్ బయటపడింది.

పోనీ లైసిన్‌నే విడిగా కొలిపిస్తే? కొంత నయం, కాని అక్కడా మెలిక ఉంది. కొలిచేముందు సరుకుని గాఢమైన ఆమ్లంలో గంటల తరబడి మరిగిస్తారు. ఆ ఆమ్లానికి, చక్కెర అంటుకున్న లైసిన్‌లో కొంత మళ్ళీ విడివడి మామూలు లైసిన్‌గా లెక్కకి వచ్చేస్తుంది. కోడి కడుపులో అలా విడివడదు. 1992లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో పార్సన్స్ బృందం సోయా పిండిని ఆటోక్లేవులో ఎక్కువసేపు ఉంచి చూసింది. ల్యాబ్ లెక్కలో లైసిన్ కొంత తగ్గితే, కోళ్ళకి అరిగే లైసిన్ అంతకన్నా చాలా ఎక్కువ తగ్గింది.

ఒక్క వైపే చూసే పరీక్ష

పరిశ్రమకి ఇవేవీ తెలియవని కాదు. సోయాకి యూరియేజ్ పరీక్ష ఎప్పటినుంచో ఉంది. యూరియేజ్ అనేది సోయా గింజలో ఉండే మరో ఎంజైము. ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థం చెడిపోయే వేడికే ఇంచుమించు ఇదీ చెడిపోతుంది, కొలవడం తేలిక. యూరియా ద్రావణంలో పిండి కలిపి పీహెచ్ ఎంత పెరిగిందో చూస్తారు. 0.05 నుంచి 0.20 వరకు పెరిగితే మామూలుగా సరే అంటారు. ఇంకా ఎక్కువ పెరిగితే సరుకు పచ్చి.

మరి పీహెచ్ అసలు పెరగకపోతే? సున్నా వస్తే? చాలామంది కొనుగోలుదార్లు దాన్ని చూసి సంతోషిస్తారు, పచ్చిదనం బొత్తిగా లేదు కదా అని. కాని యూరియేజ్ ఒకసారి సున్నాకి చేరాక ఇంకా ఎంతసేపు వేడి చేసినా సున్నాగానే ఉంటుంది. సరిగ్గా ఉడికి ఆగిన సరుకుకీ, నల్లగా మాడిన సరుకుకీ ఒకే ఫలితం వస్తుంది. మన భాషలో చెప్పాలంటే, ఇది కింది హద్దు మాత్రమే చూసి పై హద్దు చూడని వాలిడేషన్.

పై హద్దు చూడటానికి వేరే పరీక్ష ఉంది. సోయా పిండిని 0.2 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 20 నిమిషాలు కలియబెట్టి, ప్రోటీన్‌లో ఎంత శాతం కరిగిందో చూస్తారు. మాడినకొద్దీ కరగడం తగ్గిపోతుంది. 1990లో అరబా, డేల్ అనే పరిశోధకులు కోడిపిల్లల ఎదుగుదలతో దీన్ని పోల్చి చూపించాక ఇది బాగా వాడుకలోకి వచ్చింది. వాడుకలో ఉన్న మోటు లెక్క ప్రకారం 85 శాతం దాటితే ఉడకలేదని అనుమానించాలి, 70 శాతం లోపు ఉంటే మాడిందని అనుకోవాలి. పిండి ఎంత మెత్తగా ఉందన్నదాన్ని బట్టి ఫలితం కొంత అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఇదీ దోషం లేనిది కాదు. కాని యూరియేజ్, ఇదీ రెండూ కలిపి చూస్తే రెండు హద్దులూ కనిపిస్తాయి. ఒక్కటే చూస్తే కనిపించవు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక లెక్క వేద్దాం. ఇది కేవలం ఉదాహరణ కోసం అనుకున్న లెక్క. రెండు లాట్ల సోయా ఉంది. రెండింట్లోనూ ప్రోటీన్ 46 శాతం, లైసిన్ 2.8 శాతం. మొదటిదాంట్లో 90 శాతం లైసిన్ అరుగుతుంది, కాస్త మాడిన రెండోదాంట్లో 78 శాతమే. టన్ను బ్రాయిలర్ దాణాలో 300 కిలోల సోయా వేశామనుకుంటే, మొదటి లాట్ నుంచి కోళ్ళకి అందేది 7.56 కిలోల లైసిన్. రెండోదాని నుంచి 6.55 కిలోలు. తేడా ఒక కిలో. టన్ను దాణాలో మొత్తం అరిగే లైసిన్ 11 కిలోలు ఉండాలని లెక్క కట్టుకున్న రైతుకి అందింది 10 కిలోలే. తొమ్మిది శాతం లోటు.

ఈ సంగతి ముందే తెలిస్తే సుమారు 1.3 కిలోల లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడి కలిపి లైసిన్ వరకు లోటు పూడ్చుకోవచ్చు, లేదా మిల్లుతో ధర తగ్గించమని బేరమాడవచ్చు. తెలియకపోతే ఏమవుతుంది? కిలో బరువు పెరగడానికి పట్టే దాణా పెరుగుతుంది. రైతు పిల్ల బాగాలేదంటాడు, నీళ్ళు బాగాలేవంటాడు, ఎండలంటాడు, మందులు మారుస్తాడు. దోషి మాత్రం ప్రోటీన్ పరీక్షలో పాసై గోడౌన్‌లో కూర్చుని ఉంటుంది.

సహం తీరం, చేప పొడి

ఇదంతా సోయాకే పరిమితం కాదు. నేనుండే ఒమన్‌లో దీనికి మరో రూపం కనిపిస్తుంది. మస్కట్ నుంచి వాయవ్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, సోహార్‌కి కాస్త ఇవతల సహం ఉంది. బాతినా తీరంలో బెస్తవాళ్ళు పట్టే చిన్న చేపల్లో సార్డీన్‌లది పెద్ద వాటా. వాటిని ఇసుకమీద పరిచి ఎండబెట్టడం, పశువులకి మేతగా, తోటలకి ఎరువుగా వాడటం ఈ తీరంలో తరతరాల అలవాటు. అరేబియా దక్షిణ తీరంలో పశువులు ఎండు చేపలు తింటాయని 13వ శతాబ్దం చివర్లో ఆ దారిన వెళ్ళిన మార్కో పోలో కూడా ఆశ్చర్యంగా చెప్పాడు. మన ఉప్పాడ, మచిలీపట్నం వైపు ఇసుకమీద ఎండే చేపల్ని చూసినవాళ్ళకి ఈ దృశ్యం కొత్తేమీ కాదు.

ఎండ వేడి మెల్లని వేడి. లైసిన్ మాడిపోదు. కాని సార్డీన్‌లో నూనె ఎక్కువ, గాలికీ ఎండకీ రోజుల తరబడి ఉంటే అది ముక్కిపోతుంది. ఇసుక, ఉప్పు, పక్షుల రెట్టలు, వాటితో సాల్మొనెల్లా భయం సరేసరి. ఫ్యాక్టరీ పద్ధతి వేరు. చేపని ఉడికించి, పిండి నూనె, నీళ్ళు తీసేసి, ఆరబెట్టి పొడి చేస్తారు. క్రిములు చస్తాయి, సరుకు నిలవ ఉంటుంది. కాని ఆరబెట్టే డ్రమ్ములో వేడి మితిమీరితే కొత్త ముప్పు పుడుతుంది.

సార్డీన్, మాకెరెల్ వంటి ముదురు రంగు కండ ఉన్న చేపల్లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప నిలవ ఉండి పాడైతే అది హిస్టమిన్‌గా మారుతుంది. బాగా వేడెక్కినప్పుడు ఇవి లైసిన్‌తో కలిసి గిజెరోసిన్ అనే విషపదార్థం తయారవుతుంది. 1983లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. కోడి కందనకాయని ఇంగ్లీషులో గిజర్డ్ అంటారు, ఆ పేరునుంచే ఇది వచ్చింది. ఇది తిన్న పిల్లల పొట్టలో ఆమ్లం విపరీతంగా ఊరుతుంది, కందనకాయ లోపలి పొర పుండ్లు పడుతుంది, నల్లటి ద్రవం కక్కుతాయి, కొన్ని చస్తాయి. ఆ చేప పొడి సర్టిఫికెట్ తీసి చూడండి. ప్రోటీన్ 60 శాతం అని దర్జాగా రాసి ఉంటుంది.

ఎండబెట్టిన సార్డీన్, తగుమాత్రం వేడితో చేసిన పొడి, మాడిన పొడి – ఈ మూడింట్లో కోడికి ఏది మంచిదో ప్రోటీన్ అంకె చెప్పదు. ఒమన్ లాంటి దేశంలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడి కోళ్ళు తినే మొక్కజొన్న, సోయా ఓడల్లో దిగేవే. సరుకు ఏ దేశంలో, ఏ మిల్లులో, ఎంత వేడి చూసిందో కొన్నవాడు కళ్ళారా చూసే అవకాశం లేదు. చేతిలో ఉండేది ఒక కాగితం. ఆ కాగితంలో ఏ గడి లేదో, ఆ సంగతి మనకి లేనట్టే.

మన ఊళ్ళో కొత్త చిక్కు

ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణలకి వద్దాం. 2021లో సోయా పిండి ధర కొద్ది నెలల్లోనే దాదాపు రెట్టింపైంది. కోళ్ళ పరిశ్రమ మొర పెట్టుకున్నాక, ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం జన్యుమార్పిడి సోయా పిండిని 12 లక్షల టన్నుల వరకు దిగుమతి చేసుకోనిచ్చింది. ఆ దెబ్బకి అందరూ సోయాకి బదులు ఏముందా అని వెతుకులాటలో పడ్డారు. పత్తి గింజల చెక్క, నూనె తీసిన తవుడు, ఆవ చెక్క – అన్నీ పట్టికలోకి వచ్చాయి.

పత్తి చెక్క సంగతే చూడండి. అందులో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. అది లేయర్ కోళ్ళకి ఎక్కువైతే నిలవ ఉంచిన గుడ్డులో పచ్చసొన రంగు చెడి ఆకుపచ్చ తిరుగుతుంది. వేడి చేస్తే గాసిపాల్ కట్టుబడిపోతుంది, నిజమే. కాని అది కట్టుబడేది లైసిన్‌తోనే. విషం తగ్గిందని సంతోషించేలోపు లైసిన్ కూడా దానితోపాటు పోతుంది.

తర్వాత ఇథనాల్ వచ్చింది. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2025లో దేశం అందుకుంది. బియ్యం, మొక్కజొన్నల నుంచి ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పిని ఆరబెట్టి డీడీజీఎస్ పేరుతో అమ్ముతున్నారు. బియ్యం డీడీజీఎస్‌లో ప్రోటీన్ 40 శాతం పైమాటే, ధర సోయా కన్నా తక్కువ. సోయా మార్కెట్టునే కిందికి లాగేంతగా ఇది వచ్చిపడింది.

ఇక్కడ వేడి పాత్ర చూడండి. తడి పిప్పిని ఆరబెట్టడమే ఈ ప్లాంట్లలో పెద్ద పని. పిప్పిలో పులియగా మిగిలిన చక్కెరలు ఉంటాయి, ప్రోటీన్ ఉంటుంది, పైన ఆరబెట్టే యంత్రం వేడి ఉంటుంది. మయ్యార్ చర్యకి ఇంతకన్నా అనువైన పొయ్యి ఉండదు. ఒకే ప్లాంటులో ఉదయం వచ్చిన సరుకు బంగారు రంగులో ఉండి, సాయంత్రానిది కాఫీ పొడి రంగులో ఉండవచ్చు. మొక్కజొన్న డీడీజీఎస్ మీద అమెరికాలో జరిగిన పరిశోధనల్లో, ముదురు రంగు సరుకులో అరిగే లైసిన్ బాగా తక్కువని తేలింది.

పోనీ ఇంత వేడి చూసింది కదా, బూజు విషాలైనా పోయి ఉంటాయా అంటే, పోవు. అఫ్లటాక్సిన్ మామూలు దాణా వేడికి చెడిపోయేది కాదు. 1960లో ఇంగ్లండులో లక్ష పైచిలుకు టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు, కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు అని తేలింది. ఆ పరిశోధనలోనే ఈ విషం బయటపడింది. పైగా పిండిపదార్థం ఇథనాల్‌గా వెళ్ళిపోగా మిగిలిన పిప్పిలో అఫ్లటాక్సిన్ గింజలో ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు చిక్కబడుతుంది. వేడి దేన్ని చంపుతుందో, దేన్ని చంపదో విడివిడిగా తెలుసుకోవాల్సిందే.

దాణా మిల్లులో మరో వేడి ఉంది. బ్రాయిలర్ దాణాని పెల్లెట్ చేసేముందు ఆవిరి పెట్టి 80–85 డిగ్రీల సెల్సియస్ దాకా తీసుకెళ్తారు. పిండి బాగా పట్టుకుంటుంది, సాల్మొనెల్లా తగ్గుతుంది. కాని ఫైటేజ్ లాంటి ఎంజైములు, కొన్ని విటమిన్లు ఆ వేడికి దెబ్బతింటాయి. అందుకే వాటికి పూత వేసి అమ్ముతారు, లేదా పెల్లెట్ చల్లారాక ద్రవరూపంలో చల్లుతారు. సంచి మీద ఫైటేజ్ కలిపాం అని ఉంటే, ఎప్పుడు కలిపారన్నది అసలు ప్రశ్న.

కంప్యూటరు ఎక్కడ మోసపోతుంది?

తక్కువ ఖర్చుతో దాణా కలపడమన్న లెక్కకి మన రంగంలో మంచి వంశవృక్షం ఉంది. 1945లో జార్జ్ స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త, మనిషికి కావలసిన పోషకాలన్నీ అతి తక్కువ ఖర్చుతో ఎలా సమకూర్చాలో 77 రకాల ఆహారాలతో లెక్క వేశాడు. ఆయన ఉజ్జాయింపుగా చెప్పిన జవాబు ఏడాదికి 39.93 డాలర్లు. 1947లో జార్జ్ డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక, దాన్ని పరీక్షించడానికి ఇదే లెక్కని తొమ్మిదిమంది గుమస్తాలు చేతియంత్రాలతో చేశారు. 39.69 వచ్చింది. 1951లో ఫ్రెడరిక్ వా ఇదే పద్ధతిని పాడి పశువుల దాణాకి వాడి చూపించాడు. ఇవాళ దాణా మిల్లుల్లో నడిచే సాఫ్ట్‌వేరు మూలం అక్కడే.

లీనియర్ ప్రోగ్రామింగ్ చదివినవాళ్ళకి దాని స్వభావం తెలుసు. ధరల పట్టిక, పోషకాల పట్టిక ఇస్తే అతి చవకైన మిశ్రమం వెతికి పెడుతుంది. పోషకాల పట్టికలో ఎక్కడైనా ఒక సరుకు విలువ ఉన్నదానికన్నా ఎక్కువగా రాసి ఉంటే, అది సరిగ్గా వెళ్ళి అక్కడే వాలుతుంది. మనిషైతే ఇంత చవగ్గా వస్తోందేమిటని అనుమానిస్తాడు. సాల్వర్ అనుమానించదు. పట్టికలో తప్పులున్నంతవరకు ఆ తప్పుల్నే ఎంచి ఎంచి ఏరుకునే యంత్రం అది. డీడీజీఎస్ లాట్ లాట్‌కీ మారిపోతుంటే, మాస్టర్ డేటాలో దాని లైసిన్ ఒకే అంకెగా ఏళ్ళ తరబడి ఉంటే, ఆ సాఫ్ట్‌వేరు ఇచ్చే చవక దాణా కాగితం మీదే చవక.

దీనికి కావలసింది కృత్రిమ మేధో, కొత్త యాప్పో కాదు. నా దృష్టిలో నాలుగు చిన్న మార్పులు.

మొదటిది, సరుకు పేరుకి కాక లాట్‌కి రికార్డు ఉండాలి. సోయా అని ఒక వరస కాదు, ఫలానా తేదీన ఫలానా మిల్లు నుంచి వచ్చిన సోయా అని ఒక వరస. బ్యాంకు సాఫ్ట్‌వేరులో ఖాతాలన్నీ కలిపి సగటు బాలెన్స్ పెడితే ఊరుకుంటామా?

రెండోది, లెక్క క్రూడ్ ప్రోటీన్ మీద కాక అరిగే అమైనో ఆమ్లాల మీద నడవాలి. ఆ విలువని పుస్తకంలోంచి యథాతథంగా ఎత్తిరాయకుండా, లాట్ పరీక్ష ఫలితాన్ని బట్టి సర్దాలి.

మూడోది, యూరియేజ్ సున్నా వస్తే తెరమీద పచ్చరంగు చూపించకూడదు. పై హద్దు పరీక్ష చేయించండి అని అడగాలి. ఇది ఒక్క ఇఫ్ స్టేట్‌మెంటు పని.

నాలుగోది, ఒక సరుకు లాట్ల మధ్య తేడా ఎక్కువైతే దాని వాడకానికి పరిమితి, విలువకి కోత సాఫ్ట్‌వేరే పెట్టాలి. సగటు బాగుండి నిలకడ లేని సరుకుకి నిలకడైన సరుకుతో సమానమైన మార్కులు ఇవ్వకూడదు.

ఒప్పుకోనివాళ్ళ మాట

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ఎలాగూ అందరూ లైసిన్ పొడి నాలుగు గింజలు ఎక్కువే వేస్తారు, సరిపోతుంది కదా అంటారు. ఎక్కువ వేయడానికీ డబ్బు కావాలి. పైగా మాడిన సరుకులో పోయేది లైసిన్ ఒక్కటే కాదు. కోడి వాడుకోలేని నైట్రోజన్ రెట్టలోకి వెళ్ళి షెడ్డులో అమ్మోనియా అవుతుంది, ఆ గాలి పీల్చేదీ ఆ కోళ్ళే, ఆ కూలీలే.

పెద్ద కంపెనీల దగ్గర ఎన్.ఐ.ఆర్. యంత్రాలున్నాయి, నిమిషంలో అన్నీ చెప్పేస్తాయి అంటారు. నిజమే, మంచి యంత్రాలే. కాని వాటికి శిక్షణ ఇచ్చిన శాంపిళ్ళలో మాడిన సరుకు లేకపోతే అవి మాడిన సరుకుని గుర్తుపట్టలేవు. మోడల్ చూడని డేటా సంగతి మనకి ఒకరు చెప్పాలా? పైగా దాణా సొంతంగా కలుపుకునే మామూలు లేయర్ రైతు ఆ యంత్రం కొనలేడు.

ఆ రైతుకి ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. యూరియేజ్‌ని రంగు మార్పుతో చూసే చవక పద్ధతి ఉంది, ఫారం దగ్గరే చేసుకోవచ్చు. మంచి లాట్ తీసి సీసాలో దాచి, కొత్త లాట్ రంగు, వాసన దానితో పోల్చడానికి ఖర్చే లేదు. పై హద్దు పరీక్షకి మాత్రం ల్యాబ్ కావాలి. పదిమంది రైతులు కలిసి ఒకే మిల్లు సరుకు కొంటున్నప్పుడు పదిమందీ విడివిడిగా పరీక్ష చేయించనక్కరలేదు, ఒకరి ఫలితం తొమ్మిదిమందికి పనికొస్తుంది. కోడిగుడ్ల రైతులు 1982లోనే ఎన్.ఇ.సి.సి.గా కూడి ధర తామే ప్రకటించుకోవడం మొదలుపెట్టారు. రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధనకి జాతీయ సంస్థ ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. గుడ్డు ధర రోజూ ఊరూరా తెలిసినప్పుడు, ఏ మిల్లు సోయా ఈ నెల ఎలా ఉందో తెలియకపోవడానికి కారణం టెక్నాలజీ లేక కాదు. అడిగేవాడు లేక. ఫలితాలు పదిమందికీ తెలిసిన రోజున, మాడ్చి అమ్మే మిల్లు ధర తగ్గించక తప్పదు, సరిగ్గా ఉడికించే మిల్లుకి తగిన ధర దక్కుతుంది. ఇవాళ ఆ ఇద్దరికీ ఒకే 46 శాతం, ఒకే ధర.

మనం చేయగలిగింది ఇక్కడే ఉంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు బాబాయి ఈసారి బ్యాచ్ సరిగా ఎదగలేదంటే, వాతావరణం సంగతి తర్వాత మాట్లాడవచ్చు. సోయా ఏ లాటు, యూరియేజ్ ఎంత, పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్ష చేయించారా అని అడగండి. లేదంటే ఒక శాంపిల్ ల్యాబ్‌కి పంపమనండి. ఆ ఫలితాన్ని ఒక స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, పక్క ఫారాలవాళ్ళవి కూడా చేర్చి తిరిగి వాళ్ళకే పంపండి. నాలుగు నిలువు గడులు చాలు: తేదీ, మిల్లు, కింది హద్దు, పై హద్దు. వారాంతంలో ఒక గంట పని.